పద్నాలుగో ప్రశ్నకు ఆమె చెప్పిన జవాబు

మీలో కంప్యూటర్లకు మనుషుల మాట నేర్పే ఉద్యోగం చేసేవాళ్ళు ఎవరైనా ఉంటే, ఇది వాళ్ళకోసం రాస్తున్నాను. మిగతావాళ్ళు చదివినా నష్టమేమీ లేదు. కాకపోతే నామీద గౌరవమంటూ ఏదైనా ఉంటే అది కాస్త తగ్గుతుంది. నేను రిటైరై నాలుగేళ్ళు దాటింది. పాత సహోద్యోగులు కలిసినప్పుడు నేను చేసిన మంచి పనులే తలుచుకుంటారు. నేనూ కాదనకుండా టీ తాగుతూ వింటాను. ఇప్పుడు చెప్పబోయేది వాళ్ళకు తెలియదు. వాళ్ళలో ఇది తెలిసిన ఒక్క మనిషీ నాతో మాట్లాడటం మానేసింది.

నా ఉద్యోగం పేరు టెక్నికల్ రైటర్. హైటెక్ సిటీలో ఆ మాట చెబితే, "అంటే మీకు కోడింగ్ రాదా అంకుల్?" అని అడిగేవాళ్ళు. రాదు. కంప్యూటర్ ఎలా వాడాలో వివరించే పుస్తకాలు రాసేవాణ్ణి. అట్టపెట్టె తెరవగానే ముందు పక్కన పడేసేది వాటినే. ఇరవై ఏళ్ళపాటు ఎవరూ చదవని పుస్తకాలు రాశాక, యాభై దాటిన వయసులో నాకొక మంచి పని దొరికింది.

పుస్తకం ఇస్తే ఎవరూ చదవడం లేదు కాబట్టి, కంప్యూటర్ పాడైనప్పుడు ఆ కంప్యూటరే మనిషిని ఒక్కో ప్రశ్న అడిగి, జబ్బేమిటో కనుక్కుని, బాగుచేసే దారి చూపించాలి. అలాంటి అప్లికేషన్ తయారు చేయమన్నారు. తెర మీద ఒక ప్రశ్న, దాని కింద రెండు బటన్లు: అవును, కాదు. నొక్కిన దాన్ని బట్టి తర్వాతి ప్రశ్న. మా టీమ్ వాళ్ళు దానికి 'పెద్దమ్మ' అని పేరు పెట్టారు. పెళ్ళిళ్ళలో తగులుకుని ఎవరమ్మాయివి, ఏం చదివావు, ఇంకా పెళ్ళెందుకు కాలేదు అని ఊపిరాడకుండా అడిగే పెద్దమ్మలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు కదా, అలా అన్నమాట.

మా పెద్దమ్మలో గొప్పతనం ఏమిటంటే, ఆమె అడిగే ప్రశ్నలు ప్రోగ్రాములో ఉండవు. బయట స్క్రిప్టుల్లో ఉంటాయి. ఒక ఫైల్లో ప్రశ్నల వాక్యాలు, ఇంకో ఫైల్లో దారులు. దారులంటే, అవునంటే ఎటు పోవాలి, కాదంటే ఎటు పోవాలి అన్న లెక్క. కోడింగ్ రాని నాలాంటివాడు కూడా వాక్యాన్ని మార్చి సేవ్ చేయవచ్చు. టీ తాగి వచ్చేలోపు, ఎక్కడెక్కడ పెద్దమ్మ ఉందో ఆ కంప్యూటర్లన్నిటిలో కొత్త వాక్యం కనిపిస్తుంది. పాతది ఏమైందో వాడేవాళ్ళకు తెలియదు. ఈ సదుపాయం నా ఆలోచనే. దీనికి కంపెనీ నాకొక గాజు ఫలకం కూడా ఇచ్చింది.

కాలేజీలకు, చిన్న ఆసుపత్రులకు కంప్యూటర్లు అమ్మి, వాటి బాగోగులు చూసే ఒక సంస్థ మా పెద్దమ్మను తీసుకుంది. తెలుగులో కావాలన్నారు. నేను తెలుగు మీడియంలో చదువుకున్నవాణ్ణి. అన్నేళ్ళు ఇంగ్లీషులో అన్నం తిన్నాక, ఇదిగో ఇప్పుడు నా భాషతో పని పడిందని పొంగిపోయాను. నూట పది ప్రశ్నలూ నేనే తెలుగులో రాశాను.

మొదటి విడత చూసి ఆ సంస్థలో ప్రచారం చూసే అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, అర్థమవుతున్నాయి గానీ, పోలీస్ స్టేషన్‌లో అడుగుతున్నట్టుందండి. స్విచ్ వేశారా? వైరు పెట్టారా? కాపీ ఉందా? మా కస్టమర్లు బెదిరిపోతారండి."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఇంట్లో మనం ఎలా అడుగుతామా అని ఆలోచించాను. ఇంటికొచ్చిన మనిషిని "భోజనం చేశారా?" అని అడిగితే అది సమాచారం కోసం అడిగినట్టుంటుంది. "అయ్యో, ఇంకా భోంచేయలేదా?" అంటే అందులో ఆదరం ఉంటుంది. మన తెలుగులో ఆప్యాయత అంతా ఆ 'లేదా'లో, 'రాలేదా'లో, 'తినలేదా'లో ఉందని నాకు అనిపించింది. రెండు రోజులు కూర్చుని ముప్ఫై ప్రశ్నల దాకా అలా మెత్తబరిచాను. ప్రింటర్ వైరు పెట్టలేదా? పాస్‌వర్డ్ గుర్తు లేదా? పద్నాలుగో ప్రశ్న మొదట 'మీ ఫైళ్ళకు వేరేచోట కాపీ ఉందా?' అని ఉండేది. దాన్ని 'మీ ఫైళ్ళు ఇంకెక్కడా లేవా?' అని మార్చాను. చదువుకుంటుంటే నాకే ముచ్చటేసింది.

పద్నాలుగో ప్రశ్న ముఖ్యమైనది. దాని తర్వాత పెద్దమ్మ కంప్యూటర్‌ను పూర్తిగా తుడిచి కొత్తదానిలా చేస్తుంది. ఫైళ్ళకు వేరేచోట కాపీ ఉంటేనే ముందుకు పోవాలి, లేకపోతే ఆగి ముందు కాపీ తీసుకోమని చెప్పాలి. దాని తర్వాత ఎర్ర అక్షరాలతో ఇంకో హెచ్చరిక ఉండేది. దాన్ని చూసి జనం భయపడి ఫోన్లు చేస్తారని ఆ సంస్థవాళ్ళు తీయించారు. పద్నాలుగో ప్రశ్న ఉందిగా, చాలులే అని నేనూ ఒప్పుకున్నాను.

నేను వాక్యాలు మార్చాను. దారుల ఫైలు ముట్టుకోలేదు.

మా టీమ్‌లో టెస్టింగ్ చూసే ఆవిడ ఒకామె ఉండేది. సిద్దిపేట వైపు మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, కాంట్రాక్టు మీద పనిచేసేది. అందరూ కంప్యూటర్‌కు కంప్యూటర్‌తోనే పరీక్ష పెడితే, ఈమె మనుషులను పట్టుకొచ్చి కూర్చోబెట్టేది. ఒక రోజు మధ్యాహ్నం నా సీటు దగ్గరకు వచ్చి, "సార్, జర ఇటు రాండ్రి, ఒకటి చూపిస్తా," అంది.

వెళ్ళి చూస్తే, మా అంతస్తులో ఊడ్చి తుడిచే అక్క కంప్యూటర్ ముందు చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుని ఉంది. ఆమెకు తెలుగు చదవడం బాగా వచ్చు.

"అక్కా, ఈ ప్రశ్న చదివి, ఇది నీ కంప్యూటరే అనుకుని జవాబు చెప్పు. ఫికర్ చేయకు, పాడేం కాదు," అంది టెస్టింగ్ ఆవిడ.

అక్క పైకే చదివింది. "మీ ఫైళ్ళు ఇంకెక్కడా లేవా?" ఒక క్షణం ఆలోచించి, "అవును, లేవు. ఇంకేడుంటయి? ఉన్నయన్నీ దీంట్లనే ఉంటయి గద," అని, 'అవును' నొక్కింది.

తెర మీద పెద్దమ్మ సంతోషించింది. 'మంచిది! అయితే మొదలుపెడదాం' అని వచ్చింది.

మన భాషలో ఉన్న సంగతి అది. 'లేవా?' అని అడిగితే, ఎదుటివాళ్ళు అన్న మాటకు మనం అవునంటాం. అవును, మీరన్నట్టే, లేవు. ఇంగ్లీషువాడు ఉన్న వస్తువుకు యెస్ అంటాడు, లేని వస్తువుకు నో అంటాడు. నా వాక్యం తెలుగులో అడుగుతోంది, నా దారి ఇంగ్లీషులో నడుస్తోంది. ఇది చంటిపిల్లలకు కూడా తెలుసు. అన్నేళ్ళు ఇంగ్లీషులో రాసి రాసి నేను మరిచిపోయాను.

అప్పుడైనా ఒప్పుకున్నానా అంటే, లేదు. అక్క వెళ్ళిపోయాక టెస్టింగ్ ఆవిడతో, "బటన్ మీద ఏముందో, ప్రశ్న ఏమిటో చూసుకునే నొక్కుతారమ్మా. జనం మరీ అంత అమాయకులు కారు," అన్నాను.

"అమాయకులని అంటలేను సార్. తెలుగోళ్ళు అంటున్న."

ఆ మాటకు నవ్వాను. నవ్వి, లోపాల జాబితాలో ఆమె చేతనే రాయించాను: పద్నాలుగో ప్రశ్న, అవును అంటే అర్థం తారుమారు అవుతోంది. పక్కన నేను నా చేత్తో చేర్చింది: భాషకు సంబంధించినది, ప్రాధాన్యం తక్కువ, తర్వాతి విడతలో చూద్దాం. వాక్యం మార్చడానికి ఐదు నిమిషాలు చాలు. కానీ అంతకు ముందు రోజే ప్రచారం అమ్మాయి మెయిల్ పంపింది, ఇప్పుడు పెద్దమ్మ నిజంగా పెద్దమ్మలాగే మాట్లాడుతోందని. ఆ పొగడ్తను చెరుపుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఇంతకంటే గొప్ప కారణం ఏదైనా ఉంటే బాగుండేది. లేదు.

రెండు నెలల తర్వాత ఒక రోజు పొద్దున మా మేనేజర్ నా దగ్గరకు వచ్చాడు. నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, మర్యాదస్తుడు. గచ్చిబౌలి అవతల ఒక నర్సింగ్ కాలేజీలో పెద్దమ్మ ఆఫీసు కంప్యూటర్‌ను మొత్తం తుడిచేసిందట. ఆఖరి సంవత్సరం పిల్లలు మూడేళ్ళలో ఏ వార్డులో ఎన్ని గంటలు డ్యూటీ చేశారో ఆ వివరాలన్నీ అందులో ఉన్నాయి. అవి పంపితేనే పరీక్షకు కూర్చోనిస్తారు. ఇంకెక్కడా కాపీ లేదు. ఆ కంప్యూటర్ వాడే క్లర్కు తాను అదే మాట కంప్యూటర్‌కు చెప్పానంటోంది. రికార్డులో మాత్రం కాపీ ఉందని ఆమె చెప్పినట్టు ఉంది.

పెద్దమ్మ తన రికార్డును ఇంగ్లీషులో రాసుకునేది, నేను మొదట రాసిన ఇంగ్లీషు వాక్యాలతో. తెలుగు వాక్యం ఏదైనా, రికార్డులో మాత్రం ఒకటే: ప్రశ్న పద్నాలుగు, ఫైళ్ళకు వేరేచోట కాపీ ఉంది, యెస్. ఆ లైను చూడగానే ఏం జరిగిందో నాకు తెలిసిపోయింది. అక్కడున్న కుర్చీలో కూలబడ్డాను.

"మన వైపు ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి సార్. రేపు వాళ్ళంతా వస్తున్నారు," అన్నాడు మేనేజర్.

"ఒకసారి చూసి చెబుతాను," అన్నాను.

చూశాను. చూసి, పద్నాలుగో ప్రశ్నను మళ్ళీ 'మీ ఫైళ్ళకు వేరేచోట కాపీ ఉందా?' అని మార్చి సేవ్ చేశాను. మెత్తబరిచిన మిగతావన్నీ కూడా మార్చేశాను. ఇంకో మనిషికి ఇలా జరగకూడదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం కాదు. కానీ లోపాల జాబితా తెరిచి, టెస్టింగ్ ఆవిడ రాసిన ఆ లైనును 'పూర్తయింది' అని మూసేసినప్పుడు కూడా అదే చెప్పుకున్నాను. సాయంత్రం మేనేజర్ మళ్ళీ అడిగితే, "మన వైపు ఏమీ లేదు," అన్నాను.

మా కంపెనీలో అప్పుడు యాభై దాటినవాళ్ళను ఒక్కొక్కరినే పిలిచి రాజీనామా చేయమంటున్నారు. ఆ భయం ఉంది. కానీ అసలు భయం అది కాదు. తెలుగు బాగా వచ్చినవాణ్ణని ఊరంతా చెప్పుకున్న నేను 'అవును' అనే మాట దగ్గర బోర్లా పడ్డానని తెలిస్తే నవ్వుతారని భయం.

మర్నాడు తొమ్మిదో అంతస్తులో మీటింగు. ఆ గది అద్దాల్లోంచి కోకాపేట వైపు క్రేన్లు కనిపిస్తుంటాయి. మా మేనేజర్, నేను, కంప్యూటర్ల సంస్థ టెక్నికల్ హెడ్. ఆయన తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. కాలేజీ నుంచి ఇద్దరు వచ్చారు. ఒకరు కరస్పాండెంట్, డెబ్బై దాటిన ఆవిడ, తెల్ల చీర. ఒకప్పుడు నర్సుగా పనిచేసి, ఆ కాలేజీని తన చేతులతో పెట్టింది. రెండో మనిషి ఆ క్లర్కు. నలభై ఐదేళ్ళుంటాయి. మెడలో కాలేజీ ఐడీ కార్డు, ఒళ్ళో చేతిసంచి, దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

మొదట మాట్లాడింది కరస్పాండెంటే. "ఈ పిల్ల ఆరో ఏట మా హాస్టల్‌కి వచ్చింది బాబూ. తల్లీ తండ్రీ లేరు. నా దగ్గరే పెరిగింది, నా దగ్గరే పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. ఫైళ్ళు పోయినందుకు నేను రాలేదు. పిల్లలు పరీక్ష ఆర్నెల్లు ఆలస్యంగా రాస్తారు, ఏడుస్తారు, రాస్తారు. ఈమె నాతో అబద్ధం చెప్పిందా లేదా, అది నాకు తెలియాలి."

అంటే ఆ రోజు ఆ గదిలో తేలవలసింది ఆమె మాట. తన ఉద్యోగం గురించి క్లర్కు ఒక్కసారి కూడా మాట్లాడలేదు.

టెక్నికల్ హెడ్ తెర మీద రికార్డు చూపించాడు. "మేడం, ఈ ప్రశ్నకు మీరు ఏం నొక్కారు?"

"అవును అని నొక్కానండి."

"అంటే కాపీ ఉందని చెప్పారు."

"లేదండి. లేవు అని చెప్పానండి."

"యెస్ నొక్కారా, నో నొక్కారా మేడం?"

"అవును అనే నొక్కానండి. లేవా అని అడిగిందండి. అవును అన్నానండి."

ఆయన మా మేనేజర్ వైపు చూశాడు, ఇంక నేనేం చెప్పను అన్నట్టు. ఆమె నిజం చెప్పేకొద్దీ కూరుకుపోతోంది. ఆ గదిలో ఆమె మాట అక్షరం అక్షరం అర్థమైనవాణ్ణి నేనొక్కణ్ణే.

కరస్పాండెంట్ మాత్రం ఏదో ఆలోచనలో పడింది. పెద్దావిడ, తెలుగు మనిషి. ఇంకో రెండు నిమిషాలు వదిలేస్తే ఆవిడే కనుక్కునేది. నా వైపు తిరిగి, "బాబూ, ప్రశ్నలు రాసింది మీరే అన్నారు. ఈ పిల్ల చెప్పినట్టు, లేవా అనే అడుగుతుందా అది?" అంది.

ఆ క్షణం నా చేతిలో ఉంది. మేనేజర్ నా ముందు కీబోర్డు జరిపి, "ఒకసారి ఓపెన్ చేసి చూపించండి సార్, అయిపోతుంది," అన్నాడు. మంచి ఉద్దేశంతోనే అన్నాడు.

తెరిచాను. ఒక్కో ప్రశ్నా దాటుకుంటూ పద్నాలుగు దాకా వెళ్ళాను. గోడ మీద పెద్ద తెర మీద వచ్చింది: 'మీ ఫైళ్ళకు వేరేచోట కాపీ ఉందా?' కరస్పాండెంట్ కళ్ళద్దాలు పెట్టుకుని పైకి చదివింది.

క్లర్కు కుర్చీలోంచి లేచి తెర దగ్గరకు వెళ్ళింది. వేలితో ఆ అక్షరాలను తాకబోయి ఆగింది. "ఇలా లేదండి," అంది. "అమ్మగారూ, ఇలా అడగలేదండి. ఒట్టండి. వేరేగా అడిగింది." తర్వాత నా వైపు తిరిగింది. "సార్, ఇలా లేదు కదండి?"

నేను అన్న మాట ఇది: "ఉన్నదే చూపిస్తున్నానమ్మా."

దాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఇన్నేళ్ళు వాక్యాలు చెక్కినవాణ్ణి కదా, అలాంటి మాట అల్లడం నాకు చేతనవును.

కరస్పాండెంట్ కళ్ళద్దాలు తీసి డబ్బాలో పెట్టుకుంది. "తప్పు చేశావు, అది నేను మోస్తానే. అబద్ధాన్ని ఎలా మొయ్యను?" అంది. గట్టిగా కూడా అనలేదు. లిఫ్టు దాకా ఇద్దరూ విడివిడిగా నడిచి వెళ్ళారు.

ఆ మధ్యాహ్నమే టెస్టింగ్ ఆవిడకు విషయం తెలిసింది. క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చుని, పళ్ళెం పక్కకు జరిపి అడిగింది. "సార్, ఆమెకు మీరు పాతది చూపిచ్చిన్రా, కొత్తది చూపిచ్చిన్రా?"

"ఉన్నది చూపించాను."

"గట్లెట్ల చేస్తరు సార్? ఆమె చెప్పింది నిజమే గద. నేను పోయి చెప్తా."

"నేనే చెబుతానమ్మా. నా తప్పు, నేనే చెప్పాలి. నాకు కొంచెం టైమ్ ఇవ్వు."

"చెప్తరా మరి?"

"చెబుతాను."

ఆమె నమ్మింది. ఆమె ఇచ్చిన టైమును నేను రెండు నెలలు వాడుకున్నాను. మొదటి వారం మాటలు వెతుక్కున్నాను. రెండో వారం సంస్థవాళ్ళ నుంచి కబురొచ్చింది, ఆ క్లర్కును తీసేశారని, పిల్లల వివరాలు ఇంక ఆమె చేతికి ఇవ్వలేనని కరస్పాండెంట్ అందని. ఇప్పుడు చెబితే ఆమెను తిరిగి తీసుకుంటారేమో అనిపించింది. ఆ వెంటనే, ఇంత ఆలస్యంగా ఎందుకు చెబుతున్నావని అడుగుతారేమో అని కూడా అనిపించింది. చెప్పకపోవడానికి రోజుకొక కారణం దొరుకుతుంది, వెతకనక్కర్లేదు.

టెస్టింగ్ ఆవిడ కాంట్రాక్టు అయిపోయి వెళ్ళిపోయే రోజు నా సీటు దగ్గర నిలబడింది. కోపంగా లేదు, అలసిపోయి ఉంది. "మీరు చెప్తరని ఊకున్న. నాకు వేరేతాన ఉద్యోగం రావాలంటే మీ కంపెనీ కాగితం కావాలె, అందుకు గూడ ఊకున్న. నేను గూడ చెప్పకపోతిని సార్. మీదొక్కరిదే తప్పని ఎవ్వరితోని అనను," అంది. ఆ తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు.

ఇంకో రెండేళ్ళు పనిచేసి, శాలువా కప్పించుకుని, చిన్నవాళ్ళకు నాలుగు మంచి మాటలు చెప్పి రిటైరయ్యాను. వాడేవాళ్ళ మాటను గౌరవించండి అని కూడా చెప్పాను. చప్పట్లు కొట్టారు.

పోయిన వేసవిలో కంటి పరీక్షకు ఒక ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడ చీటీ రాసే మనిషి బదులు ఒక తెర పెట్టారు. నా ముందు పంచె కట్టుకున్న పెద్దాయన నిలబడి ప్రశ్నను పైకి చదువుతున్నాడు. 'మీకు షుగర్ లేదా?' ఆయన తనలో తాను, "అవు, లేదు," అని, 'అవును' నొక్కాడు. నేను వెళ్ళి అక్కడున్న నర్సుకు చెప్పి ఆయన జవాబు ఒక్కటీ సరిచేయించాను. ఆ ప్రశ్న రాసిందెవరో నాకు తెలియదు. మీలో ఒకరే అయి ఉంటారు. తర్వాత కుర్చీలో కూర్చోలేకపోయాను. పరీక్ష చేయించుకోకుండానే ఇంటికి వచ్చేసి, ఆ రోజే ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

అంతా రాశాను. పాత ప్రశ్న ఏమిటో, ఎప్పుడు మార్చానో, మీటింగులో ఏది చూపించానో. లోపాల జాబితాలో మూసేసిన ఆ లైను అచ్చువేసిన కాగితం ఒకటి పాత కాగితాల్లో ఉంది, అదీ జతచేశాను. ఆమె అబద్ధం చెప్పలేదు అని చివరి వాక్యంగా రాసి సంతకం పెట్టాను. కరస్పాండెంట్ పేరున ఒకటి, ఆమె పేరున ఒకటి.

కాలేజీకి వెళితే, లోపలికి అడుగు పెట్టగానే కరస్పాండెంట్ ఫోటో, దానికి దండ. అక్కడున్న వాచ్‌మన్, "అమ్మగారు పోయి ఏడాదవుతుంది సార్," అన్నాడు. క్లర్కు గురించి అడిగితే, "ఆ మేడమా? ఆమె ఈడ ఎప్పుడో బంద్ చేసింది. మణికొండల ఆడపిల్లల హాస్టల్‌ల వార్డెన్ చేస్తదట," అని గుర్తులు చెప్పాడు.

నేను వెళ్ళేసరికి హాస్టల్ పిల్లలంతా ఆఫీసులకు వెళ్ళిపోయారు. కింద చిన్న గదిలో బల్ల ముందు కూర్చుని ఆమె మంచినీళ్ళ క్యాన్ల కుర్రవాడికి ఫోన్ చేస్తోంది. జుట్టు బాగా నెరిసింది. నన్ను చూడగానే గుర్తుపట్టింది. ఫోన్ పెట్టేసి, లేచి నిలబడి, కుర్చీ చూపించింది.

నేను ఉత్తరం చేతికిచ్చాను. ఆమె నెమ్మదిగా చదివింది. మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళి ఇంకోసారి చదివింది. పాత ప్రశ్న రాసి ఉన్నచోట వేలు పెట్టి, "ఇదేనండి. ఇలాగే అడిగింది," అంది. కాగితాలు బల్ల మీద పెట్టింది.

"అమ్మగారు ఉండగా తీసుకురావలసింది. నాకు ధైర్యం చాల్లేదమ్మా," అన్నాను.

"పోయే ముందు నన్ను పిలిపించారండి," అంది ఆమె. "మాట సరిగ్గా రావడం లేదు. నువ్వు నిజం ఒప్పుకుంటే నేను నెమ్మదిగా కన్ను మూస్తానే, నిన్ను కోపంలో వదిలి పోలేను అన్నారు. నిజం అప్పటికి ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదండి. ఇంక ఆవిడకి ఓపిక లేదు. అందుకని, అబద్ధమే చెప్పానమ్మా, భయపడి చెప్పాను, క్షమించండి అన్నాను. నా తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారండి. మర్నాడు పోయారు."

నేను తల ఎత్తలేదు.

"నేను ఆవిడతో ఆడిన అబద్ధం అదొక్కటేనండి. అదే నమ్మి వెళ్ళిపోయారు."

ఆమె కాగితాలు సరిచేసి, మడతలు ఎలా ఉన్నాయో అలాగే పెట్టి, నా వైపు జరిపింది. "ఇది నా దగ్గర వద్దండి. ఎవరికి చూపించుకోను? మీరే ఉంచుకోండి."

"నన్ను క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదమ్మా," అన్నాను.

"అడిగితే క్షమించానంటానండి. పెద్దవారు, ఇంత దూరం వచ్చారు, అంటాను," అంది, నా మొహంలోకి చూస్తూ. "కానీ అది నా రెండో అబద్ధం అవుతుందండి."

నేను అడగలేదు. కాగితాలు తీసుకుని బయటకు వచ్చేశాను.